నెలసరి పట్టిక రాసుకోవడం ఎలా: తేదీ, తెల్లబట్ట, తెల్లవారుజామున ఒంటి వేడి

విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఏ లేడీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లినా, మన కష్టం చెప్పుకోకముందే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: ఆఖరిసారి నెలసరి ఏ తేదీన వచ్చింది? ఆ ప్రశ్నకు మనలో చాలామంది "పోయిన నెల పదో తారీకో పన్నెండో అయి ఉంటుందండీ" అంటూ పక్కన కూర్చున్న అత్తగారి వైపో అక్క వైపో చూస్తాము. మా పిన్ని కూడా అలాగే చూసింది. ముప్పై నాలుగేళ్ల వయసులో నెలకు రెండుసార్లు బహిష్టు అవుతున్నదని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్తే, రెండోసారి వెళ్లేసరికే గర్భసంచి తీసేయాలన్నారు, తీసేశారు. ఆమెకు రెండోసారి కనిపించినది నిజంగా బహిష్టా, లేక నడుమ పడిన మరకా, అది ఎన్ని రోజులకు వచ్చింది, ఎంత అయింది అని ఎవరూ గుచ్చి అడగలేదు. అడిగి ఉన్నా చూపించడానికి ఆమె దగ్గర రాసిపెట్టుకున్న కాగితం ముక్క కూడా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీసివేతలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరుసలో మన ఆంధ్రప్రదేశ్ ముందు కనిపిస్తుంది. అందుకే నెలసరి లెక్కను ఆడవాళ్ల చిన్న విషయంగా తీసిపారేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం ఉండదు.

పిన్ని ఆపరేషన్ తరువాత నేను నా నెలసరిని రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా బ్రాడీపేట వీధిలో అడిగినవారికి కూడా నేర్పుతున్నాను. నేను డాక్టరును కాను. రోగం ఏమిటో తేల్చవలసింది డాక్టరే, అయితే అందుకు కావలసిన ఆధారాల్లో చాలా భాగం మన ఒంటిలోనే రోజూ కనిపిస్తూ ఉంటుంది కాబట్టి, దాన్ని చూడడమూ రాయడమూ మాత్రం మనమే చేయాలి. మూడు నెలలు ఓపిగ్గా రాస్తే మీ ఒంటికి ఏది మామూలో మీకు తెలుస్తుంది, అది తెలిసిన తరువాతే ఏది తేడానో పట్టుకోగలుగుతారు.

ముందుగా ఒంట్లో జరిగేది తెలుసుకోండి

ఎర్రగా, స్పష్టంగా రక్తస్రావం మొదలైన రోజును 1వ రోజుగా లెక్కపెట్టాలి. ఆ రోజు నుంచి మళ్లీ నెలసరి మొదలయ్యే ముందురోజు వరకు ఒక చక్రం. పెద్దవారిలో ఈ చక్రం 21 నుంచి 35 రోజుల మధ్య ఎంత ఉన్నా మామూలే. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో ఆడపిల్లలకు 45 రోజుల వరకు సాగినా సాధారణంగా కంగారు పడనక్కరలేదు. చక్రం మొదటి భాగంలో అండాశయంలో అండం పక్వమవుతూ ఉంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోను పెరుగుతుంది, దాని ప్రభావంతో గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరే జిగురు (మనకు బయట తెల్లబట్టగా కనిపించేది ఇదే) రోజురోజుకు పలచబడి జారుడుగా మారుతుంది. అండం విడుదలైన తరువాత ప్రొజెస్టెరాన్ అనే రెండో హార్మోను ఎక్కువై ఆ జిగురును మళ్లీ చిక్కబరుస్తుంది, ఒంటి వేడిని కొద్దిగా పెంచుతుంది. అంటే తెల్లబట్టలో వచ్చే మార్పు అండం రాబోతున్నదని చెబుతుంది, ఒంటి వేడి అది వచ్చి వెళ్లిందని చెబుతుంది.

విడుదలైన అండం 12 నుంచి 24 గంటలు మాత్రమే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం మంచి జిగురు దొరికితే స్త్రీ శరీరంలో 5 రోజుల వరకు నిలుస్తాయి. అందువల్ల ఒక చక్రంలో గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులు అండం విడుదలయ్యే రోజూ దానికి ముందు 5 రోజులూ కలిపి దాదాపు 6.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రతి ఆడమనిషికీ 14వ రోజునే అండం విడుదలవుతుందని పుస్తకాల్లోనూ ఫోన్లలోనూ రాసేస్తుంటారు. జపాన్ వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నౌస్ 1920లలో విడివిడిగా గమనించి చెప్పినది వేరు: అండం విడుదలను వచ్చే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలి, అది సుమారు రెండు వారాలు ఉంటుంది. అండం విడుదలకు ముందు భాగం ఒకరికి 10 రోజులు, మరొకరికి 22 రోజులు ఉండవచ్చు. ఒకే మనిషికి కూడా ఆందోళన, జ్వరం, రాత్రి డ్యూటీలు ఉన్న నెలలో అది సాగుతుంది. వెనుక భాగం మాత్రం ఒక మనిషికి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వచ్చే నెలసరి ఎప్పుడో ముందుగా తెలియదు కాబట్టి, కేలండరు ఒక్కదాన్ని నమ్ముకోకుండా ఒంటి గుర్తులను చూడవలసి వస్తున్నది.

పుస్తకం సిద్ధం చేసుకోండి

స్టేషనరీ కొట్టులో పదో తరగతి పిల్లలు కొనుక్కునే గ్రాఫ్ కాగితాలు ఒక పది తెచ్చుకోండి, లేదా రూళ్ల నోటుపుస్తకమైనా సరిపోతుంది. చక్రానికి ఒక పేజీ కేటాయించి, ఆరు గడులు గీయండి: తేదీ, చక్రంలో ఎన్నో రోజు, రక్తస్రావం, తెల్లబట్ట, పొద్దుటి ఉష్ణోగ్రత, విశేషాలు. చివరి గడిని వెడల్పుగా ఉంచండి, ఎందుకంటే జ్వరం, ప్రయాణం, నిద్రలేమి, మందులు, కలయిక, కడుపునొప్పి అన్నీ అందులోకే వస్తాయి.

మన అమ్మమ్మలు తిథులతో గుర్తుపెట్టుకునేవారు. "పోయినసారి ఏకాదశి వెళ్లాక వచ్చింది" అనేవారు. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులది కాబట్టి ప్రతిసారీ దాదాపు ఒకే తిథికి వస్తున్నదంటే చక్రం 29, 30 రోజులదని అర్థం. ఆ లెక్క తెలివైనదే, కానీ రాసిపెట్టలేదు కనుక మనవరాలి వరకు రాలేదు. గోడమీది తెలుగు కేలండరులో తేదీ చుట్టూ సున్నా చుట్టే అలవాటు మీకు ఇప్పటికే ఉంటే దాన్ని మానకండి, పాత కేలండర్లను మాత్రం సంక్రాంతికి పారేయకుండా ఆ తేదీలను మీ పుస్తకంలోకి ఎక్కించుకోండి. ఆరు నెలల తేదీలు ఒకచోట చేరితే అదే పెద్ద సమాచారం. ఫోను యాప్‌లు తేదీలు దాచడానికి పనికివస్తాయి, అయితే తేదీలు మాత్రమే ఇస్తే అవి చూపించే అండం రోజు సగటు లెక్కమీద కట్టిన అంచనాయే.

రక్తస్రావాన్ని కొలిచి రాయండి

"బాగా అవుతోంది" అనే మాట డాక్టరుకు ఏమీ చెప్పదు. రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చారు, అవి పూర్తిగా తడిశాయా, సగమే తడిశాయా, రాత్రి లేచి మార్చవలసి వచ్చిందా, గడ్డలు పడ్డాయా, పడితే రూపాయి బిళ్ల కంటే చిన్నవా పెద్దవా అన్నది రాయండి. నొప్పికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి. నెలసరికి ముందు ఒకటి రెండు రోజులు కనిపించే గోధుమరంగు మరకను 1వ రోజుగా లెక్కపెట్టకూడదు. దాన్ని "మరక" అని వేరుగా రాయాలి. మా పిన్ని విషయంలో జరిగిన పొరపాటు ఇలాంటి చోటే మొదలై ఉండవచ్చునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నెలసరి 2 నుంచి 7 రోజులు ఉండడం మామూలు. వరుసగా కొన్ని గంటలపాటు గంటకొక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే పుస్తకం పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ప్రతి నెలా ఎక్కువగా అవుతున్నవారు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. గర్భిణులు కాని స్త్రీలలో అది 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత కిందే లెక్క. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు ఈ రక్తహీనతతోనే ఇంటి చాకిరీ, పొలం పని చేసుకుంటూ "నీరసంగా ఉంది" అని మాత్రమే అనుకుంటున్నారు.

తెల్లబట్టను చదవడం నేర్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు, అందరూ సిగ్గుపడే గుర్తు కూడా ఇదే. తెల్లబట్ట అనగానే ఎముకల సారం కరిగిపోతున్నదనీ, ఒళ్లు క్షీణిస్తుందనీ భయపెట్టి పసరు మందులు తాగించిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఎముకలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నెలలో కొన్ని రోజులు పలచగా, వాసన లేకుండా, దురద లేకుండా వచ్చే తెల్లబట్ట ఆరోగ్యమైన ఒంటి పనితీరుకు సాక్ష్యం. మెల్‌బోర్న్‌కు చెందిన వైద్యుడు జాన్ బిల్లింగ్స్ 1950లలో ఈ జిగురు మార్పులను శ్రద్ధగా పరిశీలించి, సామాన్య స్త్రీలు కూడా గుర్తించగలిగే పద్ధతిగా మలిచారు. తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో పరీక్షించినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో మన బెంగళూరు కూడా ఉంది. చదువురాని స్త్రీలతో సహా పాల్గొన్నవారిలో 90 శాతానికి పైగా మొదటి చక్రంలోనే తమ జిగురు తీరును గుర్తుపట్టగలిగారు. కాబట్టి ఇది మనవల్ల కాదని అనుకోకండి.

చూసే పద్ధతి ఇది. మూత్రవిసర్జనకు వెళ్లిన ప్రతిసారీ, కడుక్కోకముందు, మెత్తటి తెల్ల టిష్యూ కాగితంతో ముందునుంచి వెనక్కి ఒకసారి తుడిచి చూడండి. కాగితం పొడిగా గరగరలాడుతూ జరిగిందా, మెత్తగా జరిగిందా, నూనె రాసినట్టు జారిందా అన్నది మొదట గమనించాలి. కాగితం మీద ఏమైనా ఉంటే బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య తీసుకుని మెల్లగా వేళ్లు విడదీసి ఎంతవరకు సాగుతుందో చూడాలి. లోపలికి వేలు పెట్టి చూడనవసరం లేదు. గుంటూరు ప్రాంతపు వారికి ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను: మిరపకాయల తొడిమలు తీసిన రోజున, కారం కొట్టించిన రోజున, ఆవకాయ కలిపిన రోజున చేతులు ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ఘాటు గోళ్ల సందుల్లో మిగులుతుంది. ఆ రోజులలో కాగితంతో చూసి ఊరుకోండి, వేళ్లతో తాకకండి. మా వీధిలో ఒక అమ్మాయి ఈ మాట నేను ముందుగా చెప్పనందువల్ల ఒక పూటంతా మంటతో బాధపడింది, ఆ తప్పు నాదే.

నెలసరి ఆగిన తరువాత చాలామందికి కొన్ని పొడి రోజులు ఉంటాయి, వాటికి "పొ" అని రాయండి. తరువాత మైదాపిండి బంకలా ముద్దగా, సాగకుండా తెగిపోయే జిగురు కనిపిస్తుంది, దానికి "బం" రాయండి. ఆపైన గంజిలా, ఒంటికి రాసుకునే లోషన్‌లా తెల్లగా తడిగా మారితే "త" రాయండి. ఆఖరున పారదర్శకంగా, కోడిగుడ్డు తెల్లసొనలా రెండు వేళ్ల మధ్య తెగకుండా తీగలా సాగే జిగురు వస్తుంది. గుడ్డు ముట్టనివారికి బెండకాయ తరిగినప్పుడు కత్తికి పట్టుకుని సాగే జిగురును తలచుకుంటే సరిగ్గా అర్థమవుతుంది. దీనికి "జా" అని, అంటే జారుడు అని రాయండి. కొందరికి తీగ కనిపించకపోయినా ఆ రోజుల్లో నడుస్తుంటే తడిగా, జారుడుగా ఉన్నట్టు తెలుస్తుంది, అది కూడా "జా" కిందే లెక్క. రోజంతా చూసినవాటిలో ఎక్కువ జారుడుగా ఉన్నదాన్నే ఆ రాత్రి పుస్తకంలో రాయాలి.

జారుడు జిగురు కనిపించిన చివరి రోజు ఈ మొత్తం పట్టికకు కీలకం. అండం విడుదల సాధారణంగా ఆ రోజుకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా జరుగుతుంది. అది చివరి రోజని ఆ రోజున తెలియదు, మర్నాడు జిగురు చిక్కబడిన తరువాతనే తెలుస్తుంది. అందువల్ల వెనక్కి వెళ్లి దాని చుట్టూ గుండ్రంగా గీయండి.

కలయిక తరువాతి రోజు వీర్యం వల్ల తడిగా ఉంటుంది కాబట్టి ఆ రోజు గుర్తు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. జలుబుకు వాడే అలర్జీ మాత్రలు జిగురును ఎండబెట్టగలవు. లోపలి భాగాన్ని సబ్బుతో, డెట్టాల్ నీళ్లతో కడగడం అసలు చేయకండి, అది గుర్తును చెరిపేయడమే కాక ఇన్ఫెక్షన్లను ఆహ్వానిస్తుంది. పెరుగు విరిగినట్టు ముద్దలుగా వచ్చి దురద పెడితే, బూడిదరంగులో చేపల వాసన వస్తే, పసుపు ఆకుపచ్చ కలిసిన రంగులో నురగగా వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ పరిస్థితిలో మందుల షాపులో చెప్పిన మాత్ర మింగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

తెల్లవారుజామున ఒంటి వేడి చూడండి

దీనికి నోటిలో పెట్టుకునే మామూలు డిజిటల్ థర్మామీటరు కావాలి. ఫారన్‌హీట్‌లో ఒక దశాంశం వరకు చూపేది చాలు, సెల్సియస్ అయితే రెండు దశాంశాలు చూపేది మంచిది. కోవిడ్ కాలంలో నుదుటికి గురిపెట్టి చూసిన యంత్రం ఈ పనికి రాదు, ఎందుకంటే మనం వెతుకుతున్న తేడా చాలా చిన్నది: 0.4 నుంచి 1 డిగ్రీ ఫారన్‌హీట్ లోపు.

థర్మామీటరును రాత్రే దిండు పక్కన పెట్టుకోండి. మెలకువ వచ్చిన వెంటనే, లేవకముందు, మాట్లాడకముందు, మంచినీళ్లు తాగకముందు నాలుక కింద పెట్టుకుని నోరు మూసుకుని, కూత వచ్చేవరకు ఉంచండి. కనీసం మూడు గంటలు వరుసగా నిద్రపోయి ఉండాలి, రోజూ దాదాపు ఒకే సమయానికి చూడాలి. పాలపాకెట్టు కోసం నాలుగున్నరకు లేచేవారు ఆదివారం కూడా ఆ వేళకే చూసి, మళ్లీ పడుకోవచ్చు. విజయవాడ మే నెల ఉక్కలో రాత్రి కరెంటు పోయి చెమటల్లో దొర్లిన రోజున, ఏసీ గదిలోంచి డాబా మీదికి పడక మార్చిన రోజున అంకె తేడాగా రావచ్చు. అలాంటి రోజు అంకెను రాయండి గాని చుట్టూ బ్రాకెట్ పెట్టి, కారణాన్ని విశేషాల గడిలో చేర్చండి. జ్వరం, పారాసిటమాల్ మాత్ర, పసిబిడ్డ ఏడ్చి నిద్ర చెడిపోవడం కూడా అంతే. రాత్రి డ్యూటీ చేసే నర్సులు, కాల్ సెంటరు ఉద్యోగినులు పగటి నిద్ర లేవగానే చూడవచ్చు, కానీ డ్యూటీ మారిన వారంలో ఈ గుర్తును నమ్మకుండా తెల్లబట్టమీదనే ఆధారపడడం మేలు.

నా పుస్తకంలోని ఒక పేజీని ఇక్కడ విప్పి చూపిస్తాను. ఆ చక్రం జూన్ 4న మొదలైంది. 8 వరకు నెలసరి, 9 నుంచి 12 వరకు "పొ", 13, 14 తేదీల్లో "బం", 15, 16 తేదీల్లో "త", 17 నుంచి 20 వరకు "జా", 21 నుంచి మళ్లీ "బం". ఉష్ణోగ్రతలు 15 నుంచి 20 వరకు వరుసగా 97.2, 97.3, 97.1, 97.4, 97.2, 97.3. తరువాత 21న 97.8, 22న 97.9, 23న 98.0. ముందటి ఆరు అంకెల్లో పెద్దది 97.4 కాబట్టి దాని మీద ఒక అడ్డగీత గీశాను. ఆ గీతకు పైన వరుసగా మూడు అంకెలు వచ్చి, మూడోది గీత కంటే కనీసం 0.4 డిగ్రీలు ఎక్కువగా ఉంటే అండం విడుదలైపోయిందని నిర్ధారించుకోవచ్చు. చివరి జారుడు రోజు 20, వేడి పెరిగినది 21, రెండు గుర్తులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. వేడి జూలై 4 వరకు 14 రోజులు నిలిచి, 5న పడిపోయింది, ఆ రోజే నెలసరి వచ్చింది. చక్రం 31 రోజులది. 14వ రోజే అండం వస్తుందని నమ్మి ఉంటే నేను జూన్ 17ను రాసుకునేదాన్ని, నిజానికి అది 20 ప్రాంతంలో జరిగింది.

వేడి 18 రోజులు దాటినా దిగకుండా, నెలసరి రాకపోతే గర్భం నిలిచే ఉండవచ్చు, మూత్ర పరీక్ష చేసి చూసుకోవాలి. చక్రమంతా అంకెలు ఎక్కడా పైకి జరగకుండా ఎగుడుదిగుడుగానే ఉంటే ఆ నెల అండం విడుదల కాలేదేమోనని అనుమానించాలి. ఒక నెల అలా జరగడం ఎవరికైనా ఉంటుంది, వరుసగా మూడు నెలలు అలాగే ఉంటే డాక్టరుకు చూపించాలి. వేడి పెరిగిన తరువాత 10 రోజులు కూడా నిలవకుండా ప్రతిసారీ నెలసరి వచ్చేస్తున్నా, బిడ్డ కోసం చూస్తున్నవారు ఆ సంగతి చెప్పాలి.

మిగతా చిన్న గుర్తులు

కొందరికి అండం విడుదల సమయంలో పొత్తికడుపులో ఒక పక్కన కొన్ని గంటలు సన్నటి నొప్పి వస్తుంది, కొందరికి తరువాతి రోజుల్లో రొమ్ములు బరువెక్కుతాయి. రాయండి, కానీ వీటిని మాత్రమే చూసి తీర్మానించకండి. మందుల షాపుల్లో దొరికే ఓవ్యులేషన్ కిట్టు మూత్రంలో ఎల్‌హెచ్ అనే హార్మోను ఎగసిందని చూపుతుంది, ఆ తరువాత సాధారణంగా ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం వస్తుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవారిలో ఆ హార్మోను ఎప్పుడూ ఎక్కువగానే ఉండవచ్చు కాబట్టి కిట్టు మాటిమాటికీ రెండు గీతలు చూపించి మోసం చేస్తుంది.

లెక్క తప్పించేవి

శ్రావణ శుక్రవారం వ్రతానికో, ఇంట్లో పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా పడేలా మాత్రలు వేసుకోవడం మన ఇళ్లల్లో మామూలు అయిపోయింది. ఆ మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు వచ్చే రక్తస్రావం మందు వల్ల వచ్చినదే గాని మీ ఒంటి సొంత లెక్క ప్రకారం వచ్చినది కాదు. ఆ చక్రం పేజీ మీద పెద్ద అక్షరాలతో "మాత్రలు" అని రాసి, దాన్ని సగటులో కలపకండి. ఆ మాత్రలను డాక్టరును అడగకుండా, పక్కింటివారు ఇచ్చారని వేసుకోవడం మంచిది కాదు, ముఖ్యంగా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి అది ప్రమాదం.

గర్భనిరోధక మాత్రలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే "అంతర" అనే గర్భనిరోధక ఇంజెక్షను వాడుతున్నప్పుడు సహజ గుర్తులు కనిపించవు, పట్టికలో రక్తస్రావం మాత్రమే రాసుకోవచ్చు. సాధారణ కాపర్ టీ ఉన్నవారికి అండం యథావిధిగా విడుదలవుతుంది కాబట్టి గుర్తులన్నీ పనిచేస్తాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషను అయినవారికి కూడా అంతే. "నాకు ఆపరేషనయింది, ఇంకా ఎందుకమ్మా ఈ లెక్కలు" అని అడిగే అక్కలకు నేను చెప్పేది ఇదే: అండాశయాలు, థైరాయిడ్, గర్భసంచి ఇంకా ఉన్నాయి కదా, వాటి మంచిచెడ్డలు ఈ పుస్తకంలోనే కనిపిస్తాయి. బిడ్డకు పాలిస్తున్నవారికి మొదటి నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు, "ఇంకా మైల రాలేదుగా" అనే ధైర్యం పనికిరాదు.

బిడ్డ కావాలనుకునేవారు, వద్దనుకునేవారు

కావాలనుకునే దంపతులు "త" కనిపించిన రోజు నుంచి వేడి పెరిగే రోజు వరకు రోజు విడిచి రోజు కలిస్తే చాలు. వయసు 35 లోపు ఉంటే ఏడాది, 35 దాటితే ఆరు నెలలు చూసి డాక్టరును కలవాలి. 40 దాటినవారు ఆగనే కూడదు. మొదటిసారి వెళ్లినప్పుడే భర్త వీర్య పరీక్ష కూడా చేయించాలి. అది తేలికైన పరీక్ష, అయినా ఏళ్ల తరబడి భార్య ఒక్కదానికే స్కానింగులు చేయించి, మగవాడి పరీక్షను ఆఖరుకు నెట్టే కుటుంబాలను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఫలానా రోజు కలిస్తే మగపిల్లవాడు పుడతాడని చెప్పే లెక్కలను నమ్మకండి, ఈ పట్టిక అందుకు పనికిరాదు. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడం, అడగడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

వద్దనుకునేవారికి నిజం దాచకుండా చెప్పాలి. సహజ గుర్తుల పద్ధతుల మీద మాత్రమే ఆధారపడే 100 మంది స్త్రీలలో, వాడే పద్ధతినిబట్టి, పాటించే శ్రద్ధనుబట్టి ఏడాదిలో 2 నుంచి 23 మంది వరకు గర్భం దాలుస్తారు. జిగురును, వేడిని రెండింటినీ కలిపి, నేర్పిన మనిషి దగ్గర నేర్చుకుని, తప్పకుండా పాటించినవారిలో ఈ సంఖ్య బాగా తగ్గుతుంది. తేదీల లెక్క ఒక్కదానితో మాత్రం ఆశ పెట్టుకోకూడదు. ఏ జిగురు కనిపించినా ఆ రోజు నుంచి, చివరి జారుడు రోజు తరువాత మూడు రోజులూ, మూడు ఎక్కువ వేడి అంకెలూ రెండూ పూర్తయ్యేవరకు కలయిక మానాలి లేదా కండోమ్ వాడాలి. నా పేజీలో అయితే అది జూన్ 13 నుంచి 23 సాయంత్రం వరకు. నెలసరి వెంటనే ఉండే రోజులు కూడా చక్రం చిన్నదైనవారికి భద్రం కావు. భర్త సహకరించని ఇంట్లో ఈ పద్ధతి నిలవదు. గర్భం ఇప్పుడు నిలిస్తే ప్రాణానికి ముప్పు ఉన్నవారు, చక్రం బాగా అస్తవ్యస్తంగా ఉన్నవారు, కాన్పై కొద్ది నెలలే అయినవారు వేరే నమ్మకమైన సాధనాన్ని డాక్టరుతో మాట్లాడి ఎంచుకోవాలి. ఈ పట్టిక లైంగిక వ్యాధుల నుంచి కాపాడలేదు.

ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి

చక్రం మాటిమాటికీ 21 రోజుల కంటే తగ్గినా, 35 దాటినా, గర్భం లేకుండా మూడు నెలలు నెలసరి ఆగినా, రక్తస్రావం 7 రోజులు దాటుతున్నా, నెలసరుల మధ్య గానీ కలయిక తరువాత గానీ రక్తం కనిపించినా, నొప్పితో మంచం దిగలేని పరిస్థితి ఉన్నా పుస్తకం తీసుకుని వెళ్లాలి. గడ్డం, పై పెదవి మీద వెంట్రుకలు, బరువు పెరగడం, పొడవైన చక్రాలు కలిసి కనిపిస్తే పీసీఓఎస్ కోసం, మలబద్ధకం, నీరసం, జుట్టు రాలడం తోడైతే థైరాయిడ్ కోసం పరీక్షిస్తారు. నెలసరి ఆగిపోయి 12 నెలలు నిండిన తరువాత చుక్క రక్తం కనిపించినా ఆలస్యం చేయకూడదు. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్కన తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం గర్భసంచిలో కాక అండం ప్రయాణించే గొట్టంలో నిలిచి ఉండవచ్చు. అది అత్యవసరం, రాత్రయినా 108కి ఫోన్ చేయాలి. పట్టిక ఎంత బాగా రాసుకున్నా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అది ముందుగా పట్టుకోలేదు. 30 ఏళ్లు దాటినవారు దాని స్క్రీనింగు వేరుగా చేయించుకోవాలి.

వెళ్లేటప్పుడు చివరి మూడు చక్రాల పేజీలను ఫోటో తీసి ఉంచుకోండి, అసలు పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోండి. పైన ఒక చిన్న కాగితం మీద నాలుగు వాక్యాలు రాయండి: ఆఖరి నెలసరి మొదటి తేదీ, గత మూడు చక్రాల పొడవు, రోజుకు వాడిన ప్యాడ్ల సంఖ్య, మీకు కనిపించిన తేడా ఏ తేదీ నుంచి అన్నది. ఓపీలో మీ వంతు వచ్చేసరికి బయట నలభై మంది ఉంటారు, డాక్టరుకు ఆ కాగితం రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. గర్భసంచి తీసేయాలని చెబితే, కారణం ఏమిటో, మందులతో గానీ చిన్న చికిత్సతో గానీ తగ్గే మార్గం ఉందో లేదో, అండాశయాలు ఉంచుతారో తీస్తారో అడిగి, జవాబులను అదే పుస్తకంలో రాసుకోండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం కాకపోతే ఆ పేజీలతోనే గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో గానీ మంగళగిరి ఎయిమ్స్‌లో గానీ రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. సంతకం ఆ తరువాత పెట్టవచ్చు.